కదలని బోల్టు

(9వ తరగతి విద్యార్థిని)



సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే మన గోడపత్రికలో ఎప్పుడూ ముగ్గులు, గొబ్బెమ్మలు, గాలిపటాలు, అత్తగారి ఊరు ముచ్చట్లే ఉంటాయి. ఈసారీ చాలామంది అవే ఇచ్చారు. బాగున్నాయి, కాదనను. నేను మాత్రం ఒక బోల్టు గురించి వ్రాస్తున్నాను. నవ్వకండి. ఆ ఒక్క బోల్టు వల్ల 2025 జనవరి 16వ తేదీన, అనగా ముక్కనుమ నాడు, మా తాండాలో పద్నాలుగు ఇళ్ళ సాయంత్రం పాలు విరిగిపోవలసింది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది క్రోసూరు మండలం. 2022 ఏప్రిల్ 4 నుండి మేము పల్నాడు జిల్లా, అంతకుముందు గుంటూరు జిల్లా. మా వైపు పొలాల్లో పత్తి, మిరప ఎక్కువ. మాకు సొంత పొలం లేదు. మా బాపు (మేము నాన్నని అలాగే అంటాము) తాండాలో ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకుని, రెండు క్యాన్లు మోటారు సైకిలుకి అటూ ఇటూ తగిలించుకుని క్రోసూరులో పాలకేంద్రానికి చేరుస్తాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్కో క్యాను 40 లీటర్లు. పాలు నీళ్ళకన్నా కాస్త బరువు కాబట్టి రెండూ నిండితే పాలే 82 కిలోలు. ఆ పైన క్యాన్ల బరువు, ఆ పైన బాపు. కేంద్రంలో సాయంత్రం తూకం ఆరింటికి ఆపేస్తారు. తర్వాత ఎవరు వచ్చినా తీసుకోరు. పచ్చిపాలు రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఏమవుతాయో మీ అందరికీ తెలుసు. పండగకి అందరికీ సెలవు గాని గేదెలకి లేదు కదా!

ఆ బండి పాతది, రెండో చేతి మీద కొన్నది. రోజుకి దాదాపు 40 కిలోమీటర్లు తిరుగుతుంది. మా బాపు లెక్క ప్రకారం 3000 కిలోమీటర్లకి ఒకసారి ఇంజనాయిలు మార్చాలి, అంటే రెండున్నర నెలలు. ఈసారి గడువు దాటిపోయింది. పత్తి ఏరే రోజుల్లో మా యాడి (అమ్మ) కూలికి పోవడం, బాపు పాలకి తోడు కూలీలని దించి రావడం, తీరిక లేకపోయింది. కనుమ నాడు ఆయిలు పుల్ల తీసి చూస్తే తారులాగా ఉంది, అదీ కింది గీత దగ్గరే. ఇంజను చప్పుడు కూడా మారింది. అప్పటికే ఆయిలు డబ్బా కొని ఇంట్లో పెట్టాడు. క్రోసూరులో మెకానిక్ షాపులన్నీ పండగకి మూసేశారు. “ఆయిలు దించి పొయ్యటానికి మెకానిక్ ఎందుకు? మనమే చేద్దాం, పొద్దున ట్రిప్పు అయ్యాక సాయంత్రం దాకా టైము ఉందిగా” అన్నాడు. (ఇంట్లో మేము లంబాడీలో మాట్లాడుకుంటాము. మీకోసం తెలుగులో వ్రాస్తున్నాను.)

ఇంజను అడుగున ఒక బోల్టు ఉంటుంది. దాన్ని విప్పితే పాత ఆయిలు మొత్తం కిందికి దిగిపోతుంది. మా బండికి అది 17 నెంబరు బోల్టు, అనగా దాని ఆరు పలకల తలకి 17 నెంబరు పానా పడుతుంది. మర ఉన్న భాగం మందం 12 మిల్లీమీటర్లు. బోల్టు ఉక్కుది, అది దిగే ఇంజను పెట్టె అల్యూమినియంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే ఉంది. ఉక్కు గట్టిది, అల్యూమినియం మెత్తది. బోల్టు పాడైతే పదో ఇరవయ్యో పెడితే కొత్తది వస్తుంది. పెట్టెలో మర ఊడిపోతే ఇంజను విప్పదియ్యాలి. అది వేలల్లో పని, ఎన్నాళ్ళో తెలియని పని.

పొద్దున తొమ్మిదిన్నరకి బాపు చాప వేసుకుని బండి కింద పడుకున్నాడు. మా ఇంట్లో ఉన్నది రెండు వైపులా నోరు తెరిచి ఉండే మామూలు పానా. పెట్టి లాగాడు. కదల్లేదు. కాలితో బండిని ఒత్తిపట్టుకుని లాగాడు. పానా జారి వేళ్ళు సైలెన్సరుకి కొట్టుకున్నాయి. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. నేను వంగి చూస్తే బోల్టు తలకి రెండు మూలలు అరిగి కొత్త రూపాయిలాగా మెరుస్తున్నాయి. కిందటిసారి ఈ ఆయిలు మార్చింది ఒక షాపులో. ఆ షాపు కుర్రాడు పానాకి ఇనుప గొట్టం దూర్చి ఊగి ఊగి బిగించాడని బాపుకి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏం లాభం?

యాడి గుమ్మంలో నుంచే, “ఇంక ఆపెయ్యి. ఇప్పటికి బండి నడుస్తుందిగా. కొత్త ఆయిలు కాస్త పైన పోసి సాయంత్రం పోయిరా. షాపులు తెరిచాక చూద్దాం” అంది. నిజం చెప్పాలంటే ఆ మాట తప్పుకాదు. ఇంకో రెండు మూలలు అరిగితే ఏ పానా పట్టదు. ఇప్పుడు ఆగితే సాయంత్రం పాలు పోతాయి, అనగా కేంద్రానికి పోతాయి. ఇంకా కెలికి సగంలో ఇరుక్కుంటే పాలు మా గడప దగ్గరే ఉండిపోతాయి. పద్నాలుగు ఇళ్ళ వాళ్ళకి పదిహేను రోజులకి ఒకసారి డబ్బులు ఇచ్చేది బాపే. ఒక్క పూట పోస్తే నష్టం ఆయనదే.

బాపు కాసేపు బీడీ వెలిగించకుండా పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, “మూడింటి దాకా చూద్దాం. మూడు కొడితే ఎట్టా ఉంటే అట్టా వదిలేద్దాం” అన్నాడు.

ఇంతలో మా పెదనాన్న కొడుకు వచ్చాడు. వస్తూనే విషయం తెలుసుకుని ఇంటికి పోయి బోరింగు గొట్టం ముక్క తెచ్చాడు, రెండడుగులది. “బాబాయ్, నువ్వు జరుగు, ఒక్క ఊపు” అన్నాడు. నేను “ఆగన్నా” అన్నాను. మన ఫిజిక్సు సారు చెప్పిన భ్రామకం పాఠం గుర్తుందా? బలం ఇంటూ దూరం. ఆ లెక్కని బొగ్గుతో గచ్చు మీద వేశాను. ఇంత బోల్టుకి అల్యూమినియంలో బిగింపు 30 న్యూటన్ మీటర్లు ఉంటే సరిపోతుంది. మన పానా పొడవు 20 సెంటీమీటర్లు. దాని చివర 15 కిలోల బలంతో లాగితే అంతే వస్తుంది. అదే 60 సెంటీమీటర్ల గొట్టం పట్టుకుని అన్న 40 కిలోల బలంతో ఊగితే దానికి ఎనిమిది రెట్లు! ఆ దెబ్బకి బోల్టు తల తెగిపోవచ్చు, మర మొత్తం పీక్కుని రావచ్చు.

అన్న నవ్వాడు. “ఆడపిల్లవి నీకెందుకే ఇంజను సంగతి” అన్నాడు. అది పట్టించుకోలేదు గాని ఇంకో సంగతి చూశాను. అన్న బండి పక్కన నిలబడి పైనుంచి చూస్తూ పానాని గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిప్పబోతున్నాడు. బోల్టు తల ఉన్నది కింది వైపు. కింద పడుకుని తలవైపు నుంచి చూసినప్పుడు ఎదురు దిక్కు అయితే ఊడుతుంది. పైనుంచి చూసేవాడికి అదే బిగించే దిక్కు! గడియారాన్ని వెనకనుంచి చూస్తే ముల్లు ఎటు తిరుగుతుంది? అంతే. బాపు కిందికి వంగి చూసి, “అవునురా, అది బిగుసుద్ది” అన్నాడు. నేను సుద్దముక్కతో ఇంజను పక్కన బాణం గుర్తు వేశాను. ఆ తర్వాత గొట్టం సంగతి అన్నే ఎత్తలేదు.

బాపు నన్ను వెంటేసుకుని క్రోసూరులో ఒక పెద్దాయన ఇంటికి తీసుకువెళ్ళాడు. సైకిళ్ళతో మొదలుపెట్టి, ఆయిలింజన్లు, ట్రాక్టర్లు అన్నీ బాగుచేసిన చెయ్యి ఆయనది. ఇప్పుడు కళ్ళు సరిగా ఆనడం లేదని షాపు మానేశాడు. పండగ పూట వచ్చినందుకు విసుక్కోలేదు. అరిసెలు పెట్టించాడు. “కిరసనాయిలు పోస్తే వదులవుద్దా తాతా?” అని అడిగాను. రేషనులో కిరసనాయిలు ఇప్పుడు రాదు కదా, కాస్త డీజిలైనా పోద్దామని నా ఉద్దేశం.

తాత, “అది చక్రం నట్టుకి పనికొస్తది. దీనికెందుకు? లోపల మర ఎప్పుడూ ఆయిల్లోనే నానుతుంటే తుప్పు ఎట్టా పడుద్ది? ఇది తుప్పు కాదమ్మా, బిగింపు. అదనంగా వాషరు అతుక్కుపోయి ఉంటది” అన్నాడు. నాకు ఈ మాట చాలా నచ్చింది. ఇరుక్కున్నది ఏదైనా సరే నూనె పొయ్యడమే మందు అనుకుంటాము మనము. ఎందుకు ఇరుక్కుందో ముందు తెలియాలి.

ఆయన తన పెట్టెలో నుంచి 17 నెంబరు రింగు పానా తీసి ఇచ్చాడు. నోరు తెరిచిన పానా బోల్టుని రెండు పలకల దగ్గరే పడుతుంది, బలం రెండు మూలల మీదే పడుతుంది. రింగు పానా చుట్టూ కప్పి ఆరు మూలల్నీ పడుతుంది. “మట్టి శుభ్రంగా గీకి, రింగు తల మొదటి దాకా కూర్చోబెట్టు. సగం ఎక్కించి లాగావో, మిగతా మూలలు కూడా పోతాయి. ఇంజను వేడిచేసి చెయ్యి. మంట పెట్టకండి, పెట్రోలు బండి! నడిపి వేడిచెయ్యండి. బోల్టు తల మీద చిన్న సుత్తితో నిటారుగా మూడు దెబ్బలు. తర్వాత పానా చివర అరచేతితో కొట్టండి, లాగొద్దు. దీనికి బలం కాదు, అదురు కావాలి.” ఇంతే చెప్పాడు. పానా రేపు పొద్దునకల్లా తిరిగి రావాలి అని కూడా చెప్పాడు.

వేడి చెయ్యమన్నది ఎందుకో దారిలో ఆలోచించాను. పాత ఆయిలు పల్చబడి తొందరగా దిగుతుంది, అది ఒకటి. రెండోది, వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. అంటే రంధ్రం బోల్టుకన్నా ఎక్కువ పెద్దది అవుతుంది. ఎంత పెద్దది? హాస్టలుకి వచ్చాక లెక్క వేశాను. 12 మిల్లీమీటర్ల రంధ్రం 60 డిగ్రీలు వేడెక్కితే తేడా 0.008 మిల్లీమీటర్లు వచ్చింది. మన తలవెంట్రుక మందంలో పదో వంతు! ఇంత చిన్నదానికా అనిపించింది. కాని బిగుసుకున్న మరకి అదే చాలా ఎక్కువ. మర అంటే ఒక ఏటవాలు తలాన్ని కడ్డీకి చుట్టినట్టు అని మన పుస్తకంలో ఉంది. ఈ బోల్టు ఒక చుట్టు తిరిగితే కదిలేది 1.5 మిల్లీమీటర్లు. పానా చివర ఉన్న మన చెయ్యి తిరిగేది 125 సెంటీమీటర్ల పైమాటే. ఎనిమిది వందల రెట్లు తేడా! అందులో చాలా భాగం ఘర్షణే తినేస్తుంది, తినబట్టే బోల్టు దానంతట అది ఊడిపోకుండా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మన జనరల్ నాలెడ్జి శీర్షికకి పనికివస్తుంది. ఒకప్పుడు ఏ కార్ఖానా బోల్టు దానిదే, ఒకరిది ఇంకొకరికి ఎక్కేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన మరలన్నిటికీ ఒకే కొలత ఉండాలని పద్ధతి పెట్టాడు. తర్వాత మిల్లీమీటర్ల కొలతలు వచ్చాయి. క్రోసూరు తాత పెట్టెలో పానా మా బండి బోల్టుకి సరిగ్గా పట్టిందంటే దాని వెనక ఇంత కథ ఉంది.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అన్నం తిన్నాము. క్రోసూరు పోయివచ్చిన వేడి తగ్గిందని బాపు బండిని రోడ్డు దాకా తోలుకువచ్చాడు. సెంటరు స్టాండు వేసి, పానా లాగినప్పుడు బండి పడకుండా అన్న ముందు చక్రం దగ్గర పట్టుకున్నాడు. నేను పాత టూత్ బ్రష్షుతో బోల్టు చుట్టూ మట్టి గీకాను. సైలెన్సరు కాలుతుంది కాబట్టి బాపు తడి గోనెపట్టా కప్పాడు. రింగు పానా మొదటి దాకా ఎక్కించాము. అరిగిన రెండు మూలల దగ్గర కాస్త వదులుగా ఉంది గాని మిగతా నాలుగూ పట్టాయి. మూడు దెబ్బలు పైకి కొట్టాడు. నా సుద్ద బాణం వైపు పానా చివర అరచేతితో కొట్టాడు. ఏం లేదు. ఇంకోటి. ఏం లేదు. యాడి గడియారం చూసి రెండుంబావు అని చెప్పింది. బాపు చెప్పు తీసి దాని మడమతో ఒక్కటి కొట్టాడు.

“టక్” అని చప్పుడు.

నాకు గుండె ఆగినంత పనైంది. తల తెగిందనుకున్నాను. అన్న కూడా “పోయింది” అన్నాడు. బాపు మాత్రం పానా కదిపి చూసి ఏమీ అనకుండా నాకు ఇచ్చాడు. చేత్తో తిరుగుతోంది! మిగతా చుట్లు నేనే తిప్పాను. ఆఖరి చుట్టుకి చెయ్యి పక్కకి తియ్యాలి, లేకపోతే వేడి ఆయిలు మణికట్టు మీదుగా కారుతుంది. నల్లటి ఆయిలు పాత గమేళాలోకి సన్నటి తాడులాగా దిగింది.

బోల్టు తుడిచి చూస్తే అసలు రహస్యం బయటపడింది. దానికి ఒక వాషరు కాదు, రెండున్నాయి. పాత అల్యూమినియం వాషరు నలిగి అంచుకి అతుక్కుపోతే, దాన్ని తియ్యకుండా ఎవరో పైన ఇంకో రాగి వాషరు వేశారు. రెండు వాషర్ల మధ్య ఆయిలు చెమ్మ వస్తుంటే ఆపడానికి గొట్టం పెట్టి బిగించి ఉంటారు. ఒక్క నిమిషం గీకితే పోయేదానికి మా ఇంటిల్లిపాది ఒక పూట పడ్డాము! అతుక్కున్నదాన్ని బాపు చాకు మొనతో జాగ్రత్తగా లేపాడు. కొత్త వాషరు కొందామంటే షాపులు లేవు. రాగిది ఉంది గాని నలిగి గట్టిపడింది. అప్పుడు బాపు దాన్ని తీగకి గుచ్చి పొయ్యి నిప్పుల్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. కొడవలిని అలా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. రాగి అలా కాదు, కాలిస్తే మెత్తబడుతుంది. మళ్ళీ కొత్తదానిలాగా అంచుకి ఒదుగుతుంది. ఇది మా తాత దగ్గర నేర్చుకున్నాడట. నాకు తెలియదు, సైన్సు పుస్తకంలో వెతికాను, లేదు.

ఇక బిగించడం. 15 కిలోల బలం అని గొప్పగా లెక్క వేశాను గాని చేతికి ఎలా తెలుస్తుంది? యాడి చూరుకి వేలాడుతున్న స్ప్రింగు త్రాసు చూపించింది. పత్తి ఏరిన కూలీలకి సాయంత్రం మూట తూచేది అదే. బోల్టుని ముందు చేత్తో చివరిదాకా ఎక్కించాము. తర్వాత రింగు పానా చివర త్రాసు కొక్కెం తగిలించి, పానాకి అడ్డంగా సరిగ్గా లంబంగా ఉండేటట్టు నేను లాగాను, యాడి ముల్లు చదివింది. “పది... పన్నెండు... పదిహేను, చాలు చాలు” అంది. పత్తి కాటా మీద అంత సరిగ్గా పదిహేను దగ్గర ముల్లు ఆగడం ఎప్పుడూ చూడలేదని అన్న అన్నాడు. పత్తి కొనేవాళ్ళ కాటా గురించి మా వైపు చాలా మాటలున్నాయిలెండి, అవి ఇక్కడ వద్దు.

కొత్త ఆయిలు పోసి, రెండు నిమిషాలు ఇంజను నడిపి, ఆపి, కాసేపాగి పుల్ల తీసి చూశాము. పై గీత కింద, తేనె రంగు. అప్పటికి మూడు దాటి ఐదు నిమిషాలు. నాలుగున్నరకి మొదటి ఇంటి పాలు వచ్చాయి, ఐదుంబావుకి బాపు క్యాన్లు కట్టి బయలుదేరాడు. నేను వాకిట్లో పాత న్యూసుపేపరు పరిచి పెట్టాను. ఏడింటికి తిరిగివచ్చాక బండిని దాని మీద నిలిపాము. తెల్లారి చూస్తే పేపరు మీద ఒక్క చుక్క లేదు.

పాత ఆయిలు ఖాళీ డబ్బాలో పోసి మూత పెట్టాము. దొడ్లో కంచె కర్రలకి చెద పట్టకుండా పూస్తారు. కాలువలో పారబోసే వాళ్ళూ ఉన్నారు. అదే నీళ్ళు కింద ఊరి గేదెలు తాగుతాయి, మన పాలలోకి వచ్చేది ఆ గేదెల నుంచే. చేతులకి అంటిన ఆయిలు బూడిద, సబ్బు రెండూ వేసి కడిగినా గోళ్ళ సందుల్లో రెండు రోజులు ఉంది.

పానా తిరిగి ఇవ్వడానికి పొద్దున్నే పాలతో పాటు నేనూ వెళ్ళాను. తాత బోల్టు ఎన్ని దెబ్బలకి కదిలిందని అడిగాడు. ఐదారు అన్నాను. రెండు వాషర్ల సంగతి చెబితే నవ్వాడు. త్రాసు సంగతి చెబితే నవ్వలేదు, మళ్ళీ చెప్పమన్నాడు.

బాపు గోడ మీద పాల లెక్కల పక్కన బొగ్గుతో వ్రాసుకున్నాడు: తేదీ, మీటరు రీడింగు, “17 రింగు, 15 కిలోలు, ఒకటే వాషరు” అని. మళ్ళీ మార్చేది ఏప్రిల్ మొదట్లో. అప్పుడు నాకు వార్షిక పరీక్షలు. చెల్లి తాను చేస్తానంది. కొక్కెం పానాకి ఎక్కడ తగిలించాలో, బాణం ఎటు ఉండాలో దానికి చూపించి బస్సెక్కాను.